జగిత్యాల 45 కంటే బాతినా 37 ఎందుకు ప్రమాదం?

"మా ఊర్లో 45 డిగ్రీల ఎండలో పని చేసినోణ్ణి. ఇక్కడి 37 నాకో లెక్కనా?" ఒమన్‌కు కొత్తగా వచ్చిన మన అన్నలు చాలామంది మొదటి వారంలో అనే మాట ఇది. ఇంటికాడ భార్యో, అమ్మో ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిచి చూస్తారు. మస్కట్ 37, సోహార్ 36 అని కనిపిస్తుంది. "మనకంటే తక్కువే ఉంది కదా" అని నిమ్మళంగా ఉంటారు.

ఈ లెక్క తప్పు. ఆ తప్పు మీ ప్రాణం మీదికి రావచ్చు. ఎండాకాలం మళ్లీ మొదలవుతోంది. మధ్యాహ్నం పని ఆపాలనే నిబంధన గురించి ప్రతి ఏడాది లాగే ఈసారీ వార్తలు వస్తాయి. ఆ నిబంధన మంచిదే. అయితే అది గడియారం చూసి పనిచేస్తుంది. మిమ్మల్ని పడగొట్టే ఉక్కకు గడియారంతో పని లేదు. బాతినా తీరంలో పని చేసేవాళ్లు ఈ తేడాను తెలుసుకోవాలి.

బాతినా ఎట్లాంటి చోటు

మస్కట్ దాటి బర్కా నుంచి బయలుదేరితే ముసన్నా, సువైక్, ఖాబూరా, సహమ్, సోహార్, లివా, షినాస్ వరుసగా వస్తాయి. అట్లా యూఏఈ సరిహద్దు దాకా తీరం పోతుంది. ఒక్కోటి ఒక్కో విలాయత్, అంటే మన తాలూకా లాంటిది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క హజర్ కొండలు, నడుమ సన్నటి మైదానం. ఖర్జూరం, నిమ్మ, మామిడి, అరటి తోటలు, కూరగాయల మజ్రాలు, పశువుల మేత పొలాలు ఇక్కడే ఉన్నాయి. మన పాలమూరు, కరీంనగర్, నిజామాబాద్ అన్నలు, రాయలసీమ, గోదావరి జిల్లాల వాళ్లు ఈ మజ్రాల్లో, మేకల కాడ, ఇళ్లలో, కట్టడాల మీద, సోహార్ ఇండస్ట్రియల్ ఏరియాలో పని చేస్తున్నారు.

గల్ఫ్ అంటే ఇసుక, పొడి ఎండ అనుకుని వచ్చినవాళ్లకు ఇక్కడ మొదటి దెబ్బ తేమ రూపంలో తగులుతుంది. వాన చూస్తే ఏడాదికి 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మన తెలంగాణ సగటు 900 దాకా ఉంటుంది. వాన లేకపోయినా గాలి నిండా నీళ్లే. ఎండాకాలంలో సముద్రం నీళ్లు 30 డిగ్రీల చుట్టూ వేడెక్కి ఉంటాయి. పొద్దున పది, పదకొండు దాటాక సముద్రం నుంచి గాలి మొదలవుతుంది. ఆ గాలి ఎండను కొంచెం తగ్గించి తేమను మోసుకొస్తుంది. వెనక కొండలు అడ్డం ఉండటంతో తేమ మైదానం మీదే నిలిచిపోతుంది. కోనసీమ నుంచి వచ్చినవాళ్లకు ఈ ఉక్క కొంత తెలుసు. జగిత్యాల, నిర్మల్ నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్త.

కుండ, కూలర్ చెప్పే లెక్క

దీన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద సైన్సు అక్కర్లేదు. మన ఇంట్లో మే నెలలో కొత్త కుండలో పోసిన నీళ్లు చల్లగా ఉంటాయి. అదే కుండలో వానాకాలంలో నీళ్లు అంత చల్లబడవు. ఎండాకాలంలో బాగా పనిచేసిన కూలర్, ముసురు పట్టగానే ఉక్క పెంచడం తప్ప ఏమీ చేయదు. కారణం ఒక్కటే. నీళ్లు ఆవిరైతేనే చల్లదనం పుడుతుంది. గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఆవిరి కాదు.

మన ఒళ్లు కూడా కుండలాంటిదే. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. జగిత్యాలలో చెమట పుట్టీ పుట్టకముందే ఆరిపోతుంది. బాతినాలో చొక్కా పిండితే నీళ్లు కారతాయి. ఆ చెమట వృథాగా పోయినట్టే లెక్క. ఒంట్లో నీళ్లు, ఉప్పు మాత్రం పోయాయి.

దీన్ని కొలవడానికి తడి బల్బు ఉష్ణోగ్రత అనే లెక్క ఉంది. థర్మామీటర్ గుండుకు తడి గుడ్డ చుట్టి కొలుస్తారు. ఎంత చల్లబడుతుందో అదే మీ చెమటకు అందే చల్లదనం. ఈ మూడు అంకెలు చూడండి.

జగిత్యాల మే మధ్యాహ్నం 45 డిగ్రీలు, తేమ 15 శాతం అనుకుందాం. తడి బల్బు సుమారు 24.

బాతినా జూలై మధ్యాహ్నం 37 డిగ్రీలు, తేమ 65 శాతం అనుకుందాం. తడి బల్బు సుమారు 31.

బాతినా జూలై రాత్రి 34 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకుందాం. తడి బల్బు మళ్లీ సుమారు 31.

మొదటి రెండూ పక్కపక్కన పెడితే జగిత్యాల ఎండ 8 డిగ్రీలు ఎక్కువ. చెమట పనిచేసే లెక్కలో మాత్రం బాతినా 7 డిగ్రీలు దారుణం. ఇంక మూడో లెక్క చూస్తే, పొద్దు గూకినా మీ ఒంటికి తెరిపి లేదు.

31 అంటే ఎంత ప్రమాదం? తడి బల్బు 35 దాటితే నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. తర్వాత 2022లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద నేరుగా పరీక్షలు చేశారు. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు 31 దగ్గరే ఒంటి లోపలి వేడి అదుపు తప్పి పెరగడం మొదలైంది. వాళ్లు చేసింది ఇంట్లో చేసుకునే తేలికపాటి పనుల స్థాయి శ్రమ మాత్రమే. ఖర్జూరం చెట్టెక్కి గెలలు కోసి దించడం, సిమెంటు బస్తాలు మోయడం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ శ్రమ.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది

ఒమన్‌లో జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా కట్టడాల దగ్గర, ఎండ తగిలే బయటి ప్రదేశాల్లో పని చేయించకూడదు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 12 నుంచి 3. యూఏఈలో అవే తేదీల్లో 12:30 నుంచి 3. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా 10 నుంచి 3:30.

ఈ నిబంధనల వల్ల ఎంతోమంది బతికి బయటపడ్డారు. కాదనలేం. అయితే బాతినా లాంటి తీరంలో మూడు చోట్ల ఇవి సరిపోవడం లేదు.

మొదటిది, వేళ. మధ్యాహ్నం మూడు గంటలు ఆపినందుకు ఆ పనిని తెల్లవారుజామున నాలుగింటికో, సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిదికో జరుపుతారు. నేరుగా తగిలే ఎండ తప్పుతుంది, అది మేలే. కానీ తీరంలో తేమ శాతం తెల్లవారుజామున అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది. సాయంత్రం సముద్రపు గాలి తెచ్చిన తేమ తోడవుతుంది. "ఎండ లేదు కదా" అని ఆ వేళ నీళ్లు తాగకుండా, ఆగకుండా పని చేయిస్తారు. మనం కూడా అట్లనే చేస్తాం.

రెండోది, నెల. ఒమన్ నిబంధన ఆగస్టు 31తో ముగుస్తుంది. సముద్రం మాత్రం సెప్టెంబర్‌లో కూడా వేడిగానే ఉంటుంది. మే చివరి వారాల్లో వేడి జూన్‌కు ఏమీ తీసిపోదు.

మూడోది, చోటు. పెద్ద కంపెనీ సైటుకు తనిఖీ అధికారి వస్తాడు. ఒక్కరో ఇద్దరో పనిచేసే మజ్రాకు, మేకల కొట్టానికి వచ్చే అవకాశం తక్కువ. ఇంటి పనివాళ్లకు నిబంధనలే వేరు. మీ వీసా కంపెనీ మీద ఉందా, ఇంటి మీద ఉందా అన్నది ముందే చూసుకోండి. కల్లివెల్లి అయి బయట పనిచేసేవాళ్లు ఫిర్యాదు చేయడానికే భయపడతారు. అందరికంటే ఎక్కువ ముప్పు వాళ్లకే.

గడియారం కాకుండా కొలత చూసే నిబంధన ఒకటి గల్ఫ్‌లోనే ఉంది. ఖతర్ 2021లో ఒక నిర్ణయం తీసుకుంది. ఎండ, తేమ, గాలి మూడూ కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ అనే లెక్క 32.1 దాటితే, ఏ నెల అయినా ఏ గంట అయినా బయటి పని ఆపాలి. అమలు ఎంత బాగుందన్నది వేరే చర్చ. దారి మాత్రం అదే. ఒమన్ తీరానికి కూడా అట్లాంటి కొలత కావాలని అడగాల్సింది మన ప్రభుత్వాలు, ఎంబసీలు, కార్మిక సంఘాలు. ఒప్పందాల గురించి మాట్లాడేటప్పుడు జీతం ఒక్కటే కాదు, ఈ మాట కూడా బల్ల మీద పెట్టాలి.

ఏడాది పొడవునా ఏ నెల ఎట్లుంటది

నవంబర్ నుంచి మార్చి దాకా బాతినా హాయిగా ఉంటుంది. రాత్రిళ్లు దుప్పటి కావాలి. ఏడాది వానలో ఎక్కువ భాగం ఈ నెలల్లోనే పడుతుంది. ఖర్జూరం పూతకు పుప్పొడి అద్దే పని కూడా ఈ కాలంలోనే. కొత్తగా వచ్చేవాళ్లకు ఇది మంచి కాలం.

ఏప్రిల్, మే నెలల్లో వేడి వేగంగా పెరుగుతుంది. మధ్యలో ఉన్నట్టుండి వాన కొట్టి కొండల నుంచి నీళ్లు దూకుతాయి. ఇక్కడ వాదీ అంటారు, మన వాగే. పైన ఎండ కాస్తున్నా, కొండల్లో పడ్డ వాన నిమిషాల్లో కిందికి వస్తుంది. 2024 ఏప్రిల్‌లో ఒమన్‌లో వచ్చిన వరదల్లో బడి పిల్లలతో సహా 20 మంది దాకా చనిపోయారు. డ్రైవర్ అన్నలారా, అర్బాబ్ తొందరపెట్టినా సరే, నీళ్లు పారుతున్న వాదీలోకి బండి దించొద్దు.

జూన్‌లో ఎండ తీవ్రత ఎక్కువ. పడమటి నుంచి గర్బీ అనే వేడిగాలి వీచిందంటే తీరంలో రాత్రి కూడా నిప్పుల కొలిమే. మస్కట్‌కు ఆగ్నేయాన ఉన్న ఖురయ్యాత్‌లో 2018 జూన్ చివర్లో ఒక రోజంతా వేడి 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. అది రాత్రి కనిష్ఠం అని గుర్తుంచుకోండి.

జూలై, ఆగస్టు, సెప్టెంబర్ ఉక్క నెలలు. యాప్‌లో వేడి అంకె జూన్ కంటే ఒకటి రెండు డిగ్రీలు తగ్గినట్టు కనిపిస్తుంది. ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. ఖర్జూరం కోతలు కూడా సరిగ్గా జూన్ నుంచి ఆగస్టు మధ్యలోనే. బరువైన పని, భారమైన గాలి రెండూ ఒకేసారి మీద పడతాయి. సలాలా చల్లగా ఉంది, జల్లులు పడుతున్నాయి అని వీడియోలు వస్తుంటాయి. అది దూరాన దోఫార్‌లోని ఖరీఫ్ కాలం. బాతినాకు ఆ చల్లదనం రాదు.

అక్టోబర్‌లో ఉక్క తగ్గుముఖం పడుతుంది కానీ తుఫాన్ల భయం ఉంటుంది. మే, జూన్‌లోనూ అంతే. 2007 జూన్‌లో గోనూ, 2021 అక్టోబర్ 3న షాహీన్ వచ్చాయి. షాహీన్ నేరుగా బాతినా మీదే తీరం దాటింది. ఖాబూరాలో 369 మిల్లీమీటర్ల వాన పడింది, అంటే మూడేళ్లకు పైగా పడాల్సిన వాన ఒక్కసారే. ఆ తుఫానులో మస్కట్ దగ్గర పారిశ్రామిక ప్రాంతంలో వసతి గది మీద కొండచరియ కూలి ఇద్దరు ఆసియా కార్మికులు చనిపోయారు. మీ గది కొండ వారన ఉందా, వాదీ పక్కన ఉందా అన్నది ఈ రోజే చూసి పెట్టుకోండి. పాస్‌పోర్టు, రెసిడెంట్ కార్డు ఫోటోలు తీసి ఇంటికి వాట్సాప్ చేసి ఉంచండి.

మొదటి వారమే గండం

వేడికి ఒళ్లు అలవాటు పడుతుంది, కానీ వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ చెప్పేదాని ప్రకారం పని చోట వేడి వల్ల జరిగే మరణాల్లో దాదాపు సగం మొదటి రోజే, 70 శాతానికి పైగా మొదటి వారంలోనే జరుగుతాయి. కొత్తవాళ్లకే కాదు, రెండు నెలలు సెలవు మీద ఇంటికి పోయి వచ్చిన పాతవాళ్లకూ ఇదే ముప్పు. పదేళ్ల అనుభవం ఉన్నా ఒళ్లు మళ్లీ మొదటి నుంచి అలవాటు పడాల్సిందే.

కొత్త మనిషికి మొదటి రోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకు మరో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలని నిపుణులు చెబుతారు. మీ ఫోర్‌మన్ ఈ మాట వినకపోవచ్చు. పక్కన పనిచేసే పాత అన్న వినొచ్చు. కొత్త తమ్ముణ్ణి మొదటి వారం నీడ పని మీద పెట్టండి. "ఇంతోటి దానికే అలిసిపోతివా" అని నవ్వొద్దు. వీసా తేదీ మీ చేతిలో ఉంటే, జూలైలో వచ్చి దిగే బదులు అక్టోబర్ చివరికో నవంబర్‌కో జరుపుకోండి. ఏజెంట్ తొందర ఏజెంట్‌ది, ఒళ్లు మీది.

మీ చేతిలో ఉన్నవి

యాప్‌లో డిగ్రీలతోపాటు డ్యూ పాయింట్ అనే అంకె చూడండి. గాలిలో ఎంత తేమ ఉందో అదే చెబుతుంది. 24 దాటితే ఉక్క మొదలైనట్టు. 28 దాటితే పగలైనా రాత్రైనా బరువు పని తగ్గించుకోండి, మధ్య మధ్య నీడలో ఆగండి. ఇది చట్టం కాదు, మీరు గుర్తుపెట్టుకోవడానికి ఒక గురుతు మాత్రమే.

దాహం వేసేదాకా ఆగొద్దు. ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగండి. గంటల తరబడి చెమట పోతుంటే నీళ్లు ఒక్కటే సరిపోవు, ఉప్పు కావాలి. ఓఆర్ఎస్ పొట్లం, లేదంటే ఉప్పు వేసిన లబన్. ఇక్కడి లబన్ మన మజ్జిగే. రోజుకు రెండు మూడు ఎనర్జీ డ్రింకులు తాగి పని లాగడం మంచిది కాదు. మూత్రం టీ రంగులో ఉందంటే మీ ఒళ్లు ఎండిపోతోందని అర్థం. ఆ స్థితిలో ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి గోలీలు మింగితే కిడ్నీల మీద పడుతుంది. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు ఎండాకాలం ముందే డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి.

పక్కవాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఊరికే కోపం చేస్తున్నా, అది వడదెబ్బ కావచ్చు. "ఇంకా చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదు" అనుకోవద్దు. బరువు పని చేస్తూ పడిపోయినవాళ్లకు చెమట పడుతూనే ఉండొచ్చు. వెంటనే నీడకు తీసుకుపోండి, బట్టలు వదులు చేయండి. ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేనివాళ్లకు నోట్లో నీళ్లు పోయొద్దు. ఒమన్‌లో ఎమర్జెన్సీ నంబర్ 9999. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దు. ఆ పావుగంటలో మీరు పోసే నీళ్లే ప్రాణం నిలబెడతాయి.

రాత్రి గది గురించి కూడా గట్టిగా అడగండి. పగలంతా కాగిన ఒళ్లు రాత్రి చల్లబడకపోతే మరుసటి రోజు సగం బలంతోనే మొదలవుతుంది. ఏసీ చెడిపోతే "రేపు చూద్దాం" అనే మాటకు ఒప్పుకోవద్దు. జూలైలో ఏసీ లేని గది సౌకర్యం లోటు కాదు, ఆరోగ్య ప్రమాదం. అందరూ కలిసి అడగండి, ఒక్కరే అడిగి చెడ్డ కావొద్దు.

ఇంటికాడ ఉన్నవాళ్లకు

అమ్మా, అక్కా, చెల్లీ, ఫోన్‌లో "తిన్నవా" అని అడగండి, మంచిదే. దాంతోపాటు "ఏసీ నడుస్తోందా, మూత్రం ఏ రంగులో వస్తోంది, ఎన్ని గంటలకు పని దిగినవ్" అని కూడా అడగండి. అంకె చిన్నదిగా ఉందని నిమ్మళంగా ఉండొద్దు. మూడు రోజులు వరుసగా తలనొప్పి, వాంతులు, కండరాలు పట్టేయడం అంటుంటే క్లినిక్‌కు పొమ్మని పట్టుబట్టండి. ఒక రోజు జీతం పోతే పోనీ.

చేదైనా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. గల్ఫ్‌లో మన మనిషి చనిపోతే కాగితం మీద తరచూ గుండె ఆగింది, సహజ మరణం అని రాస్తారు. 2009 నుంచి 2017 దాకా ఖతర్‌లో చనిపోయిన 1,300 మందికి పైగా నేపాలీ కార్మికుల వివరాలను పరిశోధకులు చూశారు. గుండె మరణాలకూ వేడి నెలలకూ బలమైన సంబంధం కనిపించింది. వేడి నుంచి కాపాడి ఉంటే వాటిలో చాలా మరణాలు తప్పేవని వాళ్లు 2019లో రాశారు.

ఆ ఒక్క మాట తేడా మీ కుటుంబానికి డబ్బుల తేడా కూడా. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద క్లియరెన్స్‌తో వెళ్లినవాళ్లకు ఉండే ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షల రూపాయలు ప్రమాద మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి ఇస్తారు. సహజ మరణం అని రాస్తే ఆ దారి మూసుకుపోవచ్చు. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లకు ఆ బీమానే ఉండదు. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది. దానికి జిల్లా కలెక్టర్ కార్యాలయంలో ఆలస్యం చేయకుండా దరఖాస్తు పెట్టాలి.

అందుకే ఆధారాలు దాచండి. ఏ రోజు ఎన్ని గంటలు పని చేశారో రాసుకోండి. నిషేధ వేళలో పని చేయిస్తే టైము కనిపించేలా ఫోటో తీసి ఇంటికి పంపండి. యాప్‌లో ఆ రోజు వేడి, తేమ చూపే స్క్రీన్‌షాట్ తీసుకోండి. "ఒంట్లో బాగలేదు, అయినా పనికి పొమ్మన్నరు" అని చెప్పిన వాయిస్ మెసేజ్‌ను ఇంటివాళ్లు చెరిపేయొద్దు. అవసరం రాకూడదనే కోరుకుందాం. వస్తే అవే మాట్లాడతాయి.

జూన్ 1 నుంచి మధ్యాహ్నం 12:30కి మీ సైటులో పని ఆగుతుంది. 3:30కి మళ్లీ మొదలవుతుంది. అప్పటికి ఎండ కొంచెం వాలి, సముద్రం నుంచి గాలి వీస్తూ ఉంటుంది. హాయిగా ఉందనిపిస్తుంది. ఆ గాలి తడిగా ఉందా, మీ చొక్కా ఆరుతోందా అని ఒక్కసారి చూసుకోండి. ఆరకపోతే ఇంకో గ్లాసు నీళ్లు తాగి, పక్కవాడికి కూడా ఇచ్చి, మెల్లగా మొదలుపెట్టండి.